వీడియో లేకుండా ఒక టోపీ: అల్లిక ప్యాటర్న్ చదవడం నేర్పిన ఒక కేసు

నా దగ్గర అల్లిక నేర్చుకోవడానికి వచ్చిన ఒకావిడ కేసు ఇది, రాయడానికి ఆవిడ ఒప్పుకున్నారు. వయసు, ఉద్యోగం, కుటుంబం వివరాల్లో కొన్ని మార్చాను, కొన్ని వదిలేశాను. అల్లిక లెక్కలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఇస్తున్నాను. కొత్తవాళ్లకి రెండు సూదుల అల్లిక నేర్పేవాళ్లకి ఇది పనికొస్తుందని నా నమ్మకం. ఎందుకంటే వీడియో చూసి అల్లగలిగినా, ప్యాటర్న్ (ఏ వరసలో ఏ కుట్లు ఎన్ని అల్లాలో రాసిన కాగితం) చదివి అల్లలేక వచ్చేవాళ్లు నా దగ్గర ఏటేటా పెరుగుతున్నారు.

నేపథ్యం

హైదరాబాద్‌లో ఊలుతో పని పడేది డిసెంబర్, జనవరి నెలల్లోనే. అందుకే ఇక్కడి ఇళ్లలో పక్కన కూర్చోబెట్టుకుని స్వెటర్ అల్లడం నేర్పే పెద్దవాళ్లు తక్కువ. క్రోషా తెలిసినవాళ్లు దొరుకుతారు, ముఖ్యంగా నర్సాపురం వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాల్లో. రెండు సూదుల అల్లిక నేను ఎక్కువగా చూసింది సికింద్రాబాద్ కంటోన్మెంటు చుట్టుపక్కల కాలనీల్లో. బదిలీ మీద వచ్చిన ఉత్తరాది కుటుంబాల ఆడవాళ్ల దగ్గర చూసి అక్కడివాళ్లు నేర్చుకున్నారు. సీదా (ఇంగ్లీషులో నిట్), ఉల్టా (పర్ల్) అనే రెండు మూల కుట్ల పేర్లు అలాగే మాకు అలవాటయ్యాయి. ఇప్పటి తరానికి ఆ పొరుగింటి ఆంటీ స్థానంలో ఫోన్ వీడియో వచ్చింది.

ఈ కేసులో ఆవిడకి యాభై దాటాయి. తెలుగు మీడియంలో చదువుకున్నారు, ప్రభుత్వ ఉద్యోగం. కాలనీలో ఒకావిడ దగ్గర సూది మీదికి కుట్లు ఎక్కించడం, సీదా, ఉల్టా నేర్చుకున్నారు. మిగతాదంతా వీడియోలు చూసి సొంతంగా పట్టుకున్నారు. రెండు మఫ్లర్లు, ఒక శాలువా పూర్తి చేశారు. చెయ్యి బాగా కుదిరిన మనిషి. కుట్లన్నీ ఒకే బిగువుతో ఉంటాయి, అంచులు తిన్నగా వస్తాయి. ఇది ముందే ఎందుకు చెప్తున్నానంటే, ఇబ్బంది చేతిలో లేదని మొదటి రోజే తెలిసిపోయింది.

వచ్చిన సమస్య

కూతురు చలిదేశంలో ఉంది, నెలలు నిండుతున్నాయి. పుట్టబోయే బిడ్డకి టోపీ అల్లమని ఒక అమెరికన్ ప్యాటర్న్ పంపింది. ఒకే పేజీ. ఆవిడ దాన్ని ప్రింట్ తీయించుకుని రెండుసార్లు ప్రయత్నించారు. మొదటి టోపీ పూర్తయింది కానీ పెద్దవాళ్ల తలకి సరిపోయేంత వచ్చింది. రెండోది పైభాగం దగ్గర ఆగిపోయింది. ఆ రెండూ, ఆ కాగితమూ సంచిలో పెట్టుకుని వచ్చారు.

"వీడియో ఉంటే ఏదైనా అల్లేస్తాను మేడమ్. కాగితం ఇస్తే మాత్రం చేతులు ఆడవు. నా ఇంగ్లీషు అంతంత మాత్రం కదా" అన్నారు.

ఇంగ్లీషు వల్ల అనే మాట నాకు అప్పుడే కొంచెం అనుమానంగా అనిపించింది. రోజంతా ఆఫీసులో ఇంగ్లీషు ఫైళ్లు చూసే మనిషికి ఒక పేజీలో పట్టుమని పది పొట్టి అక్షరాలు అంత అడ్డం కాకూడదు. అయినా ముందు ఏమీ చెప్పకుండా, ఆ కాగితం ముందు పెట్టుకుని అల్లమని పక్కన కూర్చుని చూశాను. ఒక్కో మాట పైకి చదివి, చదివిన వెంటనే ఆ ముక్క అల్లేస్తున్నారు. చూపు కాగితం నుంచి సూది మొనకి, సూది మొన నుంచి కాగితానికి తిరుగుతోంది. సూది కింద వేలాడుతున్న అల్లిక వైపు ఒక్కసారి కూడా చూడలేదు. మధ్యలో ఫోన్ మోగింది. మాట్లాడి వచ్చాక ఎక్కడ ఆగారో తెలియక ఆ వరస మొత్తం విప్పేశారు. "ఇంట్లో కుక్కర్ కూత పెట్టినప్పుడల్లా ఇదే పని" అన్నారు.

వీడియోలో అయితే కాస్త వెనక్కి జరుపుకుంటారు. కాగితాన్ని వెనక్కి జరపలేరు. ఎక్కడున్నామో చెప్పగలిగేది చేతిలో ఉన్న అల్లిక ఒక్కటే.

ముందు సూది సంగతి

చదవడం నేర్పేముందు ఆ పెద్ద టోపీ లెక్క తేల్చాలనుకున్నాను. ఆవిడ దృష్టిలో అది తాను ప్యాటర్న్ తప్పు చదివినదానికి రుజువు. ఆ భయం పోకపోతే ఏ గీత చదివినా ఆవిడకి తన మీద తనకే నమ్మకం కుదరదు.

టోపీలో కుట్లు లెక్కపెట్టాం. 82. కాగితంలోనూ 82. రిబ్ (సీదా, ఉల్టా మార్చి మార్చి అల్లే సాగే అంచు) వరసలు సరిగ్గానే ఉన్నాయి. అంటే చదివింది సరే. తర్వాత సూది తీసి కొలిచాను. 5 మిల్లీమీటర్లు. ప్యాటర్న్‌లో సైజు 6 అని ఉంది. ఆవిడ కొట్టుకెళ్లి 6 నంబరు అడిగారు, కొట్టువాడు 6 నంబరే ఇచ్చాడు. ఇద్దరి తప్పూ లేదు. మన కొట్లలో నడిచేది పాత బ్రిటిష్ నంబర్ల పద్ధతి. అందులో నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. అమెరికన్ పద్ధతిలో నంబరు పెరిగేకొద్దీ లావవుతుంది. అమెరికన్ 6 అంటే 4 మిల్లీమీటర్లు, అది మన 8 నంబరు. మన 6 అంటే 5 మిల్లీమీటర్లు, అది అమెరికన్ 8. రెండు పద్ధతుల్లోనూ ఒకటే అయ్యేది 7 నంబరు, 4.5 మిల్లీమీటర్లు. అందుకే 7 నంబరుతో అల్లినవాళ్లకి ఈ తేడా ఎప్పటికీ తెలియకపోవచ్చు.

ప్యాటర్న్ ప్రకారం 10 సెంటీమీటర్లకి 22 కుట్లు రావాలి. అంటే 82 కుట్లకి 37 సెంటీమీటర్ల చుట్టుకొలత. ఆవిడ సూదితో 10 సెంటీమీటర్లకి 18 కుట్లే వచ్చాయి. అదే 82 కుట్లు 45 సెంటీమీటర్లు దాటాయి. ఈ లెక్క ఆవిడ చేతే చేయించాను. చేశాక కాసేపు ఆ టోపీ వైపు చూసి, "అయితే నేను చదివింది కరెక్టేనా?" అన్నారు. కరెక్టే అన్నాను. ఇక మీదట కొట్లో నంబరు అడగొద్దనీ మిల్లీమీటర్లే అడగమనీ చెప్పాను. కొత్త ఊలు కొన్నప్పుడల్లా 15 సెంటీమీటర్ల చదరం ఒకటి అల్లి, ఉతికి ఆరబెట్టి, అంచులు వదిలేసి మధ్యలో కొలవమన్నాను.

ప్రయత్నించినవి, నిలవనివి

మొదట ఆవిడ అడిగినదే ఇచ్చాను. పొట్టి అక్షరాలన్నిటికీ తెలుగులో అర్థాలు రాసిన ఒక కాగితం. కె అంటే సీదా, పి అంటే ఉల్టా, కె2టాగ్ అంటే రెండు కుట్లు కలిపి ఒకటిగా సీదా, ఆర్‌ఎస్ అంటే బయటికి కనిపించే వైపు, డబ్ల్యుఎస్ అంటే లోపలి వైపు. నా అనుమానం నాకున్నా, ఆవిడ చెప్పిన కారణాన్ని పరీక్షించకుండా కొట్టేయడం న్యాయం కాదు. పైగా ఇది తేలిగ్గా తేలే విషయం. అక్షరాలే అడ్డమైతే, అవి వచ్చేశాక పని సాగాలి.

అక్షరాలు చాలా త్వరగా వచ్చేశాయి. పని సాగలేదు. ఆగేచోట్లు ఏవీ మారలేదు. రిబ్‌లో మధ్యలో ఆపితే మళ్లీ అందుకోలేకపోవడం, తగ్గించే వరసలో చివర కుట్లు మిగిలిపోవడం, "డబ్ల్యుఎస్ వరసతో ముగించండి" అన్నచోట ఏ వరస అల్లి ఆగాలో తేల్చుకోలేకపోవడం. ఈ మూడింటిలో ఏదీ అక్షరాలకి సంబంధించింది కాదు.

తర్వాత వరసల లెక్క పెట్టే చిన్న మీటరు ఇచ్చి, ప్రతి వరస అయ్యాక కాగితం మీద టిక్కు పెట్టమన్నాను. ఇది కొంత సాయపడింది. ఎన్నో వరసో తెలుస్తోంది. కానీ మీటరు తిప్పారో లేదో గుర్తులేని రోజున మళ్లీ మొదటికే వచ్చేది. వరస మధ్యలో ఆగితే అసలు పనికిరాదు.

మూడో దారి ఉంది. ప్యాటర్న్ మొత్తాన్ని నేనే విడమరిచి, వరస వరసకీ పూర్తి తెలుగు వాక్యాల్లో రాసివ్వడం. చాలామంది టీచర్లు ఇదే చేస్తారు. కొద్దిగా చేసి చూశాను. పని చక్కగా సాగింది. ఆవిడ సంతోషించారు. అయినా ఆపేశాను. కారణం ఏమిటంటే, అలా రాసిచ్చిన కాగితం వీడియోకి ఇంకో రూపమే. ఆ టోపీ పూర్తవుతుంది, రేపు ఇంకో ప్యాటర్న్ వస్తే మళ్లీ నా దగ్గరికే రావాలి. ఆవిడ నా దగ్గరికి వచ్చింది ఆ ఒక్క టోపీ కోసమే అయితే రాసిచ్చేదాన్నే. "ఇకమీదట నా అంతట నేను చేసుకోవాలి" అని ఆవిడే మొదటి రోజు చెప్పారు. ఆ మాట గుర్తుచేసి, ఆలస్యమవుతుంది, ఫర్వాలేదా అని అడిగి, ఒప్పుకున్నాకే దారి మార్చాను.

పనిచేసింది: ముందు అల్లికని చదవడం

కాగితం పక్కన పెట్టించేశాను. లావుపాటి లేతరంగు ఊలుతో, రెండు సీదా రెండు ఉల్టా రిబ్‌లో చిన్న ముక్క నేనే అల్లి, వరస మధ్యలో ఆపి చేతికిచ్చాను. అడిగింది ఒకటే ప్రశ్న: తర్వాత ఏ కుట్టు?

ముదురు రంగు, సన్నటి బేబీ ఊలు ఈ పనికి వద్దు. కుట్టు కనబడాలి. ఆవిడ మొదట ఊహించి చెప్పారు, తప్పింది. అప్పుడు ఎడమ సూది మీదున్న కుట్టు కిందికి చూడమన్నాను. కుట్టు కింద నున్నగా ఇంగ్లీషు వి ఆకారం ఉంటే మన వైపు నుంచి అది సీదా. దాని మెడ దగ్గర అడ్డంగా చిన్న బుడిపె ఉంటే ఉల్టా. రిబ్‌లో వి కనిపిస్తే సీదా అల్లాలి, బుడిపె కనిపిస్తే ఉల్టా అల్లాలి, అంతే. ఆవిడ వేలితో ఆ బుడిపెని తడిమి చూశారు. ఇన్నేళ్లుగా అల్లుతున్నా దాన్ని విడిగా చూసింది అదే మొదటిసారట.

వరస మధ్యలో ఆగినప్పుడు ఏ సూది ఏ చేతిలోకి తీసుకోవాలో కూడా అల్లికే చెప్తుంది. ఉండ నుంచి వచ్చే దారం ఏ సూది మీది కుట్టు నుంచి వేలాడుతోందో ఆ సూది కుడిచేతిలోకి రావాలి. తిరగేసి పట్టుకుంటే అల్లినదాని మీదే వెనక్కి అల్లుకుపోతాం, మధ్యలో కన్నం పడుతుంది. ముందు వైపు ఏదో మరిచిపోకుండా దానికి ఒక పిన్నీసు గుచ్చించాను. పిన్నీసు కనిపిస్తుంటే ఆర్‌ఎస్ వరస అల్లబోతున్నట్టు. డబ్ల్యుఎస్ వరసతో ముగించమంటే, ఆ వరస పూర్తిచేసి తిప్పాక పిన్నీసు ఎదురుగా కనిపించాలి. ఆ గందరగోళం దాంతో తీరింది.

కావాలని అల్లిక మధ్యలో పిలిచేదాన్ని, టీ తాగుదాం రమ్మనేదాన్ని. కొన్నాళ్లకి ఆవిడ విప్పడం మానేశారు. తిరిగొచ్చి, సూదులు తీసుకుని, ఓ చూపు చూసి అందుకుంటున్నారు. కాగితం మళ్లీ బయటికి తీసింది ఆ తర్వాతే.

కాగితం దగ్గరికి తిరిగొచ్చాక

రెండో టోపీ ఆగిపోయిన గీత ఇది: "కె1, *కె8, కె2టాగ్, రిపీట్ ఫ్రమ్ * టు లాస్ట్ స్టిచ్, కె1." నక్షత్రం గుర్తు నుంచి ఉన్నదాన్ని, చివర ఒక్క కుట్టు మిగిలేదాకా మళ్లీ మళ్లీ అల్లమని.

ఆవిడ వరస చివర 5 కుట్లు మిగిలాయి. ఎన్ని మిగిలాయన్నది నాకు చాలా ముఖ్యం. ఎక్కడ తప్పిందో ఆ మిగులే చెప్తుంది. సరిగ్గా చదివితే మొదట ఒక కుట్టు, తర్వాత 10 కుట్ల గుంపు 8 సార్లు, చివర ఒకటి. మొత్తం 82. ఆవిడ నక్షత్రం గుర్తుకి ముందున్న కె1ని కూడా ప్రతిసారీ కలిపేసుకున్నారు. అప్పుడు గుంపుకి 11 కుట్లు పడతాయి. 82లో 11 ఏడుసార్లు పోతే 77, మిగిలేది 5. ఇది నేను చెప్పకుండా, గుంపుకి ఎన్ని కుట్లు వాడారో రాయమన్నాను. రాస్తుండగానే ఆవిడకి తెలిసిపోయింది.

ఇక్కడే నాకు ముగ్గుల పుస్తకం అక్కరకొచ్చింది. "15 చుక్కలు, సందు చుక్క, 8 వరకు" అని ఉంటే రెండో వరసలో ఎన్ని చుక్కలు పెడతారని అడిగాను. 14 అని తడుముకోకుండా చెప్పారు. కింద ఎన్ని వరసలు, పైన ఎన్ని? అదీ చెప్పారు. పుస్తకంలో ఆ వరసలేవీ రాసి ఉండవు. మొదటిది, చివరిది, ఎలా తగ్గాలో చెప్పి వదిలేస్తారు. మధ్యది ముగ్గు వేసేవాళ్లు నింపుకుంటారు. ప్యాటర్న్ రాసేవాళ్లూ అంతేనని, నింపుకోవాల్సింది పెన్సిల్‌తో ముందే నింపుకోమని చెప్పాను.

ఆ సాయంత్రం ఆవిడ సూదులు ముట్టుకోలేదు. కాగితం, పెన్సిల్ మాత్రమే. ముందు సైజులు: 82 (90, 98) అని ఉన్నచోటల్లా మొదటి అంకెకి సున్నా చుట్టి, మిగతావి కొట్టేశారు. అంకెల పక్కన బ్రాకెట్ వస్తే సైజులు, కుట్ల పేర్ల చుట్టూ బ్రాకెట్ ఉండి పక్కన ఇన్నిసార్లు అని ఉంటే తిరిగి అల్లాల్సిన గుంపు. ఈ రెండు బ్రాకెట్లూ కలగలిసిపోవడం కొత్తవాళ్లందరిలో చూస్తాను. తర్వాత ప్రతి తగ్గింపు వరస చివర మిగలాల్సిన కుట్ల సంఖ్య రాశారు. 74, 66, 58, 50, 42, 34, 26, 18. ఆఖరి వరసలో రెండు చివర్లా ఒక్కో కుట్టు వదిలి, మిగతావన్నీ రెండేసి కలిపితే 10. ప్రతి వరసకీ 8 తగ్గుతున్నాయని గమనించి, మధ్యలో లెక్క ఆపేసి మిగతావి గబగబా రాసేశారు.

అల్లేటప్పుడు ఇంకో సంగతి బయటపడింది. ఈ కేసు మొత్తంలో నాకు బాగా నచ్చిన ఘట్టం ఇదే. మొదటి తగ్గింపులో 8 అల్లి రెండు కలుపుతాం. వెనక వైపు ఒక ఉల్టా వరస. తర్వాతి తగ్గింపులో 7 అల్లి రెండు కలుపుతాం. ఆ రెండింటిలో రెండోది, ఇంతకుముందు కలిపిన కుట్టే. అది కాస్త కుడివైపు వాలి, లావుగా కనిపిస్తుంది. మూడు తగ్గింపులు అయ్యాక ఆవిడ తలెత్తి, "అంకె చూడక్కర్లేదు కదండీ. ఆ వాలిన కుట్టు దాకా వచ్చి, దాని ముందున్నదాన్ని దాంతో కలిపేస్తే సరిపోతుంది" అన్నారు. అది నేను నేర్పలేదు. అల్లికలో ఎనిమిది గీతలు పైకి లేస్తుంటే చూసి ఆవిడే పట్టుకున్నారు. ఆ తర్వాత ఒకచోట గీత తప్పితే, వరస పూర్తికాకముందే కనిపెట్టి అక్కడివరకే విప్పుకున్నారు.

టోపీ పూర్తయింది. మిగిలిన 10 కుట్లలోంచి దారం లాగి బిగించి, పక్క కుట్టు వేసి కొలిస్తే 36 సెంటీమీటర్ల పైచిలుకు. పక్క కుట్టులోకి రెండు కుట్లు పోతాయి కాబట్టి సరైన కొలతే.

నిజంగా వచ్చిందా?

ఒక టోపీ పూర్తవడం నాకు చాలదు. ఆ టోపీ వచ్చిందో, చదవడం వచ్చిందో తెలియాలంటే కొత్త కాగితం ఇవ్వాలి. అందుకని ఒక బ్రిటిష్ స్కార్ఫ్ ప్యాటర్న్ ఇచ్చి, నేను పక్కన కూర్చోకుండా వేరే గదిలోకి వెళ్లాను. అందులో గేజ్ (10 సెంటీమీటర్లకి ఎన్ని కుట్లో చెప్పే లెక్క) బదులు టెన్షన్, బైండ్ ఆఫ్ (చివర కుట్లు మూసేయడం) బదులు క్యాస్ట్ ఆఫ్ ఉంటాయి. సూదులు మిల్లీమీటర్లలోనే ఇచ్చారు. మధ్యలో రంధ్రాల వరస ఒకటుంది, దారం ఒకసారి సూది మీదుగా వేసుకుని, వెంటనే రెండు కుట్లు కలపడం.

ఆవిడ అల్లడం మొదలుపెట్టకముందే పెన్సిల్ తీశారు. కాసేపటికి కేకేసి అడిగారు: "ప్రతిసారీ రెండు కలుపుతున్నాం కదా, మరి చివర సంఖ్య తగ్గట్లేదేంటి?" నేను జవాబు చెప్పేలోపే, "ఆ, దారం వేసుకున్నప్పుడు ఒకటి పెరుగుతోంది" అని తనే అనేశారు. కాగితం మీద లెక్క కుదరక అడిగిన ప్రశ్న అది. మొదటి రోజు అయితే అల్లేసి, చివర మిగిలినవో తగ్గినవో చూసుకుని, తన ఇంగ్లీషుని తిట్టుకునేవారు.

నేర్పేవాళ్లకి

చదవడం రాదని వచ్చినవాళ్లకి వెంటనే పొట్టి అక్షరాల పట్టిక ఇవ్వకండి. మధ్యలో ఆపించి, సూదులు కింద పెట్టించి, మళ్లీ అందుకోమనండి. అందుకోలేకపోతే మొదటి పాఠం అల్లిక చదవడమే, కాగితం కాదు. ప్యాటర్న్ రాసేవాళ్లు చేతిలో ఏముందో మనకి కనిపిస్తుందనే భరోసాతో రాస్తారు. వీడియోలో నేర్చుకున్నవాళ్లకి ఆ చూపు అలవడే అవకాశమే రాలేదు. చూడాల్సిందంతా తెర మీదే ఉంటుంది కాబట్టి తమ చేతిలోది చూడాల్సిన అవసరం పడలేదు.

కొలత తేడానీ చదవడంలో తేడానీ విడదీయండి. ఇది ముందే చెయ్యాలి. సైజు తప్పిన బట్ట చేతిలో ఉంటే కొత్తవాళ్లు ఎప్పుడూ తమ చదువునే అనుమానిస్తారు. కుట్ల సంఖ్య సరిపోయి సెంటీమీటర్లు సరిపోకపోతే సూది, ఊలు చూడండి. కుట్ల సంఖ్యే సరిపోకపోతే చదవడం చూడండి.

వరస చివర మిగిలిన కుట్లని విప్పనివ్వకండి. లెక్కపెట్టించండి. విప్పేస్తే తప్పు ఎక్కడుందో చెప్పే ఆధారం పోతుంది. నేను చూసినంతలో మిగులు ఎక్కువసార్లు నక్షత్రం గుర్తు ఎక్కడ మొదలైందో చూసుకోకపోవడం వల్లే వస్తుంది. ఒకటి రెండు కుట్ల తేడా అయితే ఎక్కడో కలపడం మరిచిపోయుంటారు, లేదా ఒక కుట్టు జారిపోయుంటుంది.

రాసిచ్చేయడం గురించి మాత్రం నేను కచ్చితంగా ఉండను. సమయం తక్కువుండి, అడిగినవాళ్లకి ఆ ఒక్క వస్తువే కావాలంటే విడమరిచి రాసివ్వడంలో తప్పులేదు. ఏం కావాలో ముందు వాళ్లనే అడగాలి.

ఆవిడకి ఇంకా రానివి ఉన్నాయి. గళ్ల చార్టు మొదలుపెట్టాం. కింద నుంచి పైకి, ముందు వైపు వరసలు కుడి నుంచి ఎడమకి, వెనక వైపువి ఎడమ నుంచి కుడికి చదవాలి. వెనక వైపు వచ్చేసరికి గుర్తు తిరగబడటం ఇంకా తడబాటుగానే ఉంది. మెడ తగ్గిస్తూ అదే సమయంలో చంక కూడా తగ్గించమనే స్వెటర్ ప్యాటర్న్‌లలో రెండు లెక్కలు ఒకేసారి నడుస్తాయి. దానికి ఆవిడ గళ్ల కాగితం మీద రెండు నిలువు వరసలు గీసుకుని, ఒకదాంట్లో మెడవి, ఒకదాంట్లో చంకవి రాసుకోవడం మొదలుపెట్టారు. బిడ్డ పుట్టాక తొడగబోయే స్వెటర్ అదే పద్ధతిలో సగం దాకా వచ్చింది.